పొదుగులో స్టాఫ్

"మీ బర్రె పొదుగుల స్టాఫ్ ఉన్నదా, చూడాలె."

హన్మంత్ చేతిలోని గడ్డిమోపు కింద పడేశాడు. పందొమ్మిది వందల ఎనభై మూడు, వానాకాలం. దేవరుప్పుల పొలిమేరలో నాలుగు ముర్రా బర్రెలతో బతుకుతున్న అతనికి పాల పరీక్షంటేనే ఒళ్లుమంట. వచ్చినామె భుజాన సంచి, చేతిలో సీసాలు. ఇన్‌స్పెక్టరే, అనుమానం లేదు!

"ఇక్కడ స్టాఫ్ గీఫ్ ఎవరు లేరు మేడం. పిండేది నేనే, అమ్మేది నేనే. పాలల్ల నీళ్లు కలిపే అలవాటు మా ఇంటావంటా లేదు!"

ఆమె ఒక్క క్షణం తెల్లబోయి, ఫక్కున నవ్వింది.

"అయ్యో, గా స్టాఫ్ కాదు! స్టెఫైలోకాకస్. కంటికి కానరాని క్రిమి. పొదుగువాపు దానితోనే వస్తది. మీ బర్రెకు సూదులు పని చేస్తలేవని జనగామ పశువుల దవాఖానల చెప్పిండ్రు."

ఆమె పేరు విమల. సొంతూరు జఫర్‌గఢ్, వరంగల్‌లో రీసెర్చ్.

"ఆ క్రిమిని చంపే వైరస్ ఒకటుంటది, ఫేజ్ అంటరు. లోపలికి దూరి పగలగొడ్తది. స్టాఫ్ ఎక్కడుంటే అదీ అక్కడే దొరకొచ్చు. పాలతోని పాటు మీ కొట్టం మురికి పారే మోరి నీళ్లు గూడ గావాలె."

"బాగున్నది సంబురం! ఇంటికొచ్చినోళ్లకు మా అమ్మ చాయ్ ఇస్తది గని మోరి నీళ్లు ఇయ్యదు."

"రెండూ ఇయ్యండ్రి," అంది విమల, చినుకులు పడకుండా సీసాకు మూత బిగిస్తూ.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం బస్సు దిగి వచ్చేది. శుక్రవారం హన్మంత్ తలదువ్వే తీరే మారింది.

"ఇయ్యాల బర్లకు గూడ సబ్బు పెట్టినవేందిరా?" అని తల్లి రాజమణి ముసిముసిగా నవ్వేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు. "ఫేజ్ దొరికినంక ఏం జేస్తరు?"

"ఏముంది, పనంత ల్యాబ్‌లనే. మీకు నా బాధ తప్పుతది."

అదీ దెబ్బ! బాధ తప్పడమా? ఆ మాటతో హన్మంత్‌కు ముద్ద దిగితే ఒట్టు. తర్వాతి వారాల్లో ఆమె దిగేసరికి సీసాలు నింపి తయారుగా పెట్టసాగాడు. "ఈ బురదల మీరెందుకు దిగుడు?" అనేవాడు. పాపం, ఎంత మంచివాడో అనుకుందామె.

ఓ శుక్రవారం విమల మొఖం వాడిపోయి వచ్చింది.

"నెలాఖరు దాక చూస్తనన్నడు మా గైడు సారు. దొరకకపోతే టాపిక్ మార్చుకోవాలె. రెండేండ్ల కష్టం ఉత్తదే." నవ్వబోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

హన్మంత్ ప్రాణం విలవిల్లాడింది.

"మేడం, నేనిచ్చింది మోరి నీళ్లు కాదు. మట్టి కలిపిన బాయి నీళ్లు."

"ఏందీ?"

"ఫేజ్ దొరికితే మీరు రారు గదా! అందుకే..."

"పాలల్ల కలపవు గని నా రీసెర్చ్‌ల కలుపుతవా నీళ్లు?" విమల సంచి తీసుకొని విసవిసా నడిచింది.

హన్మంత్ మోరిలో దిగాడు. సీసాలు నింపి, మోకాళ్లదాకా బురదతో ఉరికి, కదులుతున్న బస్సు కిటికీలోంచి అందించాడు. సీసాలు తీసుకుంది గానీ అతని మొఖమైనా చూడలేదు.

ఒక శుక్రవారం రాలేదు. ఆ మరుసటిదీ రాలేదు. కొట్టంలో బర్రెలతో తప్ప అతనికి ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

నెలాఖరు దాటాక, జోరు వానలో వచ్చింది. ఓ ఫొటో హన్మంత్ చేతిలో పెట్టింది. గుండ్రటి గాజు పళ్లెం, తెల్లటి పొర, దానినిండా దోశకు పడ్డట్టు చిల్లులు.

"తెల్లగున్నదంత స్టాఫే, ప్రతి చిల్లుకాడ సచ్చింది. నీ మోరి ఫేజే చంపింది. మందు కావాల్నంటే ఇంక ఏండ్లు పడ్తది గని, టాపిక్ మార్చుడు లేదన్నడు సారు."

హన్మంత్ ముందు ఎగిరి గంతేశాడు. ఆ తర్వాత గుర్తొచ్చింది.

"అయితే ఇగ మోరి నీళ్లకు రావు."

"రాను. మా బాపుకు అంత చెప్పిన. ఒకడు నా రీసెర్చ్ ఆగం జేయబోయిండు, నేను రానని భయపడి జేసిండు అని."

"మరేమన్నడు?"

"గసొంటి పిచ్చోన్ని నేను చూడాలె అన్నడు. ఆదివారం తోలుకొస్త."

"విమలా, నువ్వంటే నాకు పానం!" అనేశాడు హన్మంత్.

"బాయి నీళ్లని చెప్పిన నాడే తెలిసింది. కోపం దిగనీకే జర టైం పట్టింది."

గడపలోంచి రాజమణి కేకేసింది. "ఆయన వచ్చుడేంది బిడ్డా? పిల్లనడగనీకి మేం రావాలె గని! జఫర్‌గఢ్‌కు పొద్దుగాల బస్సు ఎప్పుడున్నది?"

విమల తడిసిన కొంగు పిండుకుంటూ తల వంచుకుంది.

"ఏడింటికున్నది అత్తమ్మా."