పైనున్న దిక్కు

మలేషియాలోని తెలుక్ ఇంటాన్ బజారులో అద్దాలమ్మే చైనీయుణ్ణి, ఊరంతా తౌకే అని పిలిచే ముసలాయనను, కాల్చి చంపారు. పది నిమిషాలకు ఏజెంట్ యోగేశ్వరన్ ఆ శవం పక్కన ఉన్నాడు. సమయం నాలుగున్నర.

"అతడు మన ఇన్‌ఫార్మర్," చెవిలో చీఫ్ గొంతు. "ఊరి జలాశయం చుట్టూ ఎనిమిది దిక్కుల్లో ఎనిమిది పంప్‌హౌస్‌లు. ఒకదానిలో విదేశీ ముఠా విషం అమర్చింది, ఏదో అతడొక్కడికే తెలిసింది. టైమర్ ఐదింటికి. సరఫరా ఆపితే విషం వెంటనే విడుదలవుతుంది. ఎవరికీ చెప్పకు, జనం రోడ్డెక్కితే నీ కారు కదలదు."

తౌకే చేతిలో గుమ్మానికి తగిలించే అష్టకోణపు అద్దం. చుట్టూ ఎనిమిది గుర్తులు, దిక్కుకొకటి. ఒక్కొక్కటి మూడేసి గీతలు. అన్నిటికీ పైనున్నది తెగని మూడు గీతల ఆకాశం గుర్తు. దాని మీద రక్తపు వేలిముద్ర.

"పైన అంటే నార్తే, లా," అంది పక్కనే ఉన్న విజయరాణి, ఊరి యాసలో. పచ్చ పట్టు గౌను, పురాతన వస్తువుల వ్యాపారంలో పదేళ్ళు. ముఠాలోకి చీఫ్ పంపిన గూఢచారి.

ఉత్తరపు పంప్‌హౌస్ ఖాళీ. నాలుగూ నలభై ఎనిమిది.

యోగేశ్వరన్ ఆజ్ఞ మీరి తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా, కుళాయి నీళ్ళు ముట్టకు."

"ఏటి నాయనా? గుడికాడ రొండొందల మందికి రసం కాసీసినాను."

"పారబోయ్! ఎవర్నీ తాగనీకు!"

తల్లి కన్నమ్మ తౌకే దుకాణంలో ముప్పై ఏళ్ళు అద్దాలు తుడిచిన మనిషి. అది తటాలున గుర్తొచ్చింది.

"అమ్మా, తౌకే అద్దంలో పైనుండేది ఏ దిక్కు?"

"దక్షిణం. సీనోళ్ళు ఎండ దిక్కే పైన ఎడతారు. తిరగేసి కట్టినానని తౌకే నన్నెన్నిసార్లు తిట్టినాడో!"

అతడు నెమ్మదిగా విజయరాణి వైపు తల తిప్పాడు. తల్లికి తెలిసినది పదేళ్ళ వ్యాపారికి తెలియకపోవడం అసాధ్యం. కాబట్టి ఆమె పొరబడలేదు, కావాలనే తప్పుదారి పట్టించింది.

"తౌకేని చంపించింది నువ్వే."

విజయరాణి పిస్టల్ తీసింది. "లేట్ అయిపోయినావు, యోగీ."

ఆమె మణికట్టు విరిచి, సంకెలతో పైపుకు బిగించి, కారెక్కాడు. జలాశయం చుట్టి దక్షిణపు తలుపు తన్నేసరికి టైమర్ మీద పదకొండు సెకన్లు. ఆఫీసు ఇచ్చిన గూఢచారి పెన్నులోని ద్రవ నత్రజనిని దాని మీద చిమ్మాడు. మంచు పేరుకుంది. అంకె రెండు దగ్గర ఆగిపోయింది.

మళ్ళీ తల్లికి ఫోన్ చేశాడు.

"ఇక తాగొచ్చమ్మా."

"తాగొచ్చా? మరి పారబోయించిన రసం ఎవుడు కాస్తాడు, మీ ఆఫీసరా?"