రంగు వేయని గోడ

భూమి కంపించిన మూడో రోజు పొద్దున అతనికి మిగిలినవి ఇవి: నాన్న కట్టిన రెండంతస్తుల ఇల్లు, అందులో కింద రంగుల దుకాణం, బడి మైదానంలో గుడారం కింద అమ్మ, ఎవరినైనా మాటల్లో పెట్టగలనన్న ధైర్యం. ఆ చివరిదాన్ని నమ్ముకునే, ఇళ్లు తనిఖీ చేయడానికి వచ్చే ఇంజనీరు కోసం ఇంటి ముందు నిలబడ్డాడు.

ఆమె హెల్మెట్‌తో వచ్చింది. సంచిలో మూడు రంగుల కార్డులు. ఆకుపచ్చ అంటిస్తే ఇంట్లో ఉండొచ్చు. పసుపైతే జాగ్రత్తగా, కాసేపు లోపలికి వెళ్లొచ్చు. ఎరుపైతే గడప తొక్కకూడదు.

"చూడండి మేడమ్, వీధి మొత్తంలో గీత పడని గోడ మాదొక్కటే."

ఆమె గోడ మీద వేలు రాసి వాసన చూసింది. "గీత పడింది. నిన్న మీరు కప్పారు."

అతను రంగంటిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అమ్మను త్వరగా ఇల్లు చేర్చాలన్న ఆత్రంలో పగుల్లో లప్పం పెట్టి, రెండు పూతల రంగు కొట్టాడు. సరుకును మెరిపించి చూపడం అలవాటైన చెయ్యి మరి.

"పగులు కనిపిస్తేనే నాకు ఇంటి సంగతి తెలిసేది," అంటూ ఆమె ఎరుపు కార్డు తీసింది.

"గీకేస్తే?"

"ఈ హెల్మెట్ పెట్టుకుని బయట నుంచే గీకండి. లోపల అడుగు పెట్టారో, కార్డు మీ నుదుటికే అంటిస్తా."

మధ్యాహ్నం దాకా గీకాడు. తన దుకాణం రంగు ఇంత గట్టిదని ఆ రోజే తెలిసింది. సంతోషించాలో ఏడవాలో అర్థం కాలేదు.

ఆమె తిరిగొచ్చి పగులు వెడల్పు కొలిచింది. హెల్మెట్ తీసుకుని లోపలికెళ్లి ప్రతి స్తంభం, ప్రతి దూలం టార్చి వేసి చూసింది.

"పగులు ఇటుక గోడలోనే ఆగింది. స్తంభాలకు ఏమీ కాలేదు. ఎవరు కట్టించారు?"

"మా నాన్న. ఊరంతా పిసినారి అనేవాళ్లు. ఇనుము దగ్గర మాత్రం బేరమాడలేదు."

"మంచి పని చేశారాయన."

ఆ ఒక్క మాటకు అతని గుండె నిండిపోయింది.

ఆకుపచ్చ కార్డు అంటించాక, పగులుకు అడ్డంగా సన్నటి గాజు పలక అతికించింది. "గోడ కదిలితే ఇది విరుగుతుంది. వారానికోసారి వచ్చి చూస్తా. ఈలోగా రంగు వేశారో..."

"నుదుటికి. గుర్తుంది."

వారానికోసారి వచ్చింది. నెల తిరిగేసరికి వారానికి రెండుసార్లు. ఒకనాటి వానలో ఒకే గొడుగు కింద ఇద్దరూ ఆ పలకనే అరగంట చూశారు.

"గోడ నిలకడగా ఉంది. ఇక నేను రానక్కర్లేదు," అంది ఆమె, గొడుగు వదలకుండానే.

"పగుళ్లు దాచొద్దన్నారుగా, అందుకే చెబుతున్నా. మీరు రాని రోజు నాకు దుకాణం మీద మనసు నిలవడం లేదు."

ఆమె నవ్వు ఆపుకుంది. "అయితే మీకు పసుపు కార్డు. చూసి చెప్తా."

"నా లెక్కలో ఆకుపచ్చే అమ్మాయ్," మేడ మెట్ల మీద నుంచి అమ్మ అంది. "వానలో నిలబడి తనిఖీలేంటి, పైకి రండి."

ఇప్పుడు లెక్క చూసుకుంటే: నాన్నకు రావాల్సిన మంచిమాట వచ్చింది. అమ్మ తన గదిలో తన మంచం మీదే పడుకుంటోంది. ఇంజనీరు ఆ ఇంటి కోడలైంది. ఊరందరికీ రంగులమ్మే దుకాణానికి ఒక గోడ మాత్రం ఇప్పటికీ గీకినట్టే ఉంది. ఎందుకని ఎవరైనా అడిగితే అతను గాజు పలక చూపిస్తాడు. కథ మాత్రం నాన్న స్తంభాల దగ్గర మొదలుపెడతాడు.