రెండింటికి వదిలే నీళ్ళు

"రేడియోలో గురగుర వస్తోంది."

"వాల్వ్ మార్చాలి," అన్నాడు కుసకారి. కోడ్ సరిపోయింది.

ఫోన్‌లో చీఫ్ ఇసోబె గొంతు వేగం పెంచింది. "లిస్ట్ పోయింది. సముద్రం అవతల పనిచేస్తున్న మన ఏజెంట్లు పదకొండు మంది పేర్లు. మైక్రోఫిల్మ్ మీ వీధిలోనే ఉంది. మూడింటికి శత్రువుల పడవ రేవు వదులుతుంది. ఫిల్మ్ దాని మీదికెక్కితే పదకొండు శవాలు."

"వీధి చివర?"

"రెండు వైపులా మనవాళ్ళే. ఎవరు బయటికొచ్చినా సోదా. మరెలా పంపుతారో నువ్వే కనుక్కోవాలి."

జపాన్ తీరంలోని ఈ మంచు ఊరు జోయెత్సులో కుసకారికిది మూడో చలికాలం. పైకి రేడియో రిపేరర్. ఆ లిస్ట్ అతని డ్రాయర్‌లో ఒక్క రాత్రి ఉంది. దాని తాళం చెవి ఎక్కడుంటుందో తెలిసిన మనిషి పక్కింటి మినెకో ఒక్కతే. ఆమె డబుల్ ఏజెంట్. శత్రువుల ముఠాలో ఉంటూ టోక్యోకి పనిచేస్తోందని అతని రిపోర్టులు చెప్పేవి. ఆమే తీసిందేమో అన్న ఆలోచనను మనసులో ఓ మూలకి నెట్టేశాడు, గుమ్మంలో మంచుని నెట్టినట్టు. నెట్టిన మంచు ఎక్కడికీ పోదు. అక్కడే గట్టిపడుతుంది.

రెండింటికి సైరన్ మోగింది. ఎగువన తూము ఎత్తారు. ఈ వీధికి నీళ్ళు గంటసేపే. మంచుని నీళ్ళలో పడేసి వదిలించుకోవడానికి అందరూ పారలతో వచ్చి కాలువ మీది ఇనుప పలకలు లేపారు. మూడు రోజులుగా సముద్రపు గాలి తెచ్చి పోసిన మంచు చూరుల దాకా ఉంది.

"పగలగొట్టి వెయ్యవే!" దిగువ మలుపు దగ్గర తొకి మామ్మ అరిచింది. "గడ్డలు గడ్డలుగా వేస్తే కాలువ పూడి నా ఇల్లు మునుగుద్ది. ఈ వీధిలో పుట్టినదానివేనా నువ్వు?"

ఎర్ర స్కార్ఫ్ సర్దుకుంటూ నవ్వింది మినెకో. "మర్చిపోయాను మామ్మా."

ముంతంత గడ్డ ఒకటి నీళ్ళలో దొర్లుతూ పోతోంది.

కుసకారి పార ఆగింది. నడక రాకముందే ఈ పార పట్టిన పిల్ల అది. మర్చిపోవడమా? గడ్డని పగలగొడితే లోపలున్నది బయటపడుతుంది. తొకి మామ్మ ఇల్లు దాటితే కాలువ నేల కిందికి దూరుతుంది. మళ్ళీ బయటపడేది రేవు దగ్గరే.

అతను చూరు కింది నడవలోంచి పరుగెత్తాడు. మలుపులో నిలువెత్తు మంచుగుట్ట. భుజం ఆనించి దాన్ని మొత్తంగా నీళ్ళకి అడ్డంగా కాలువలోకి తోశాడు.

"ఒరే, చచ్చినోడా!" తొకి మామ్మ కేక.

నీళ్ళు పొంగాయి. ఆమె గడప దాటాయి. సొరంగం నోటి దాకా వచ్చిన గడ్డ ఆ మంచుకి తగిలి ఆగింది. ఆమె చాపలు పరిచిన గదిలోకి నీళ్ళు పారుతున్న చప్పుడు వింటూనే అతను మోకాళ్ళ మీద పడి, రెండు చేతులూ ముంచి, గడ్డని పట్టుకుని రాయికేసి కొట్టాడు. బొటనవేలంత అల్యూమినియం గొట్టం బయటపడింది. మూతకి మైనం.

తలెత్తితే మినెకో ఎదురుగా ఉంది. పారిపోలేదు.

"నా తాళం చెవి..." అన్నాడు.

"మీరే నా కళ్ళ ముందు పెట్టేవారు కుసకారి గారూ. టీ డబ్బా కింద. ఎవరో ఒకరు తెరవాలని కాకపోతే అంత బాహాటంగా ఎవరు పెడతారు?"

వీధి చివర కాపలా ఉన్న ఇసోబె మనుషులు ఇద్దరు వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు. అతనికి కోపం రావాల్సింది. తెరిచింది ఆమే అయినందుకు, ఎక్కడో లోపల, సిగ్గులేని చిన్న సంతోషం కదిలింది. పదకొండు ప్రాణాలు నిలబడ్డందుకు అంత సంతోషం కలగలేదు.

అధికారికంగా ఏమీ జరగలేదు. మినెకో బంధువుల ఊరెళ్ళిందని వీధిలో చెప్పారు. తొకి మామ్మ చాపలు ఎత్తి ఆరబెట్టుకుంది. కుసకారి పలకరించినా ముఖం తిప్పుకుంది.

నాలుగో రోజు వీధి సంఘం నోటీసు పలక ఇల్లిల్లూ తిరుగుతూ అతని దగ్గరికొచ్చింది. "ఇకపై కుసకారి గారు ఈ వీధిలో మంచు ముట్టుకోరాదు." కింద ఇరవై ఇళ్ళ ముద్రలున్నాయి. చదివినట్టు గుర్తుగా అతనూ ముద్ర వేశాడు. తర్వాతి గడి మినెకోది. నియమం ప్రకారం పలకను ఆమె గుమ్మంలో పెట్టి వచ్చాడు.

సాయంత్రానికి దాని మీద జానెడు మంచు పడింది. దులపడానికి అతనికి అనుమతి లేదు.