తేలే గుడిసెలో దాహం

చిల్వా సరస్సు నడుమ తమ్ముడుంటున్న తేలే రెల్లు గుడిసె ఎక్కేసరికి నసిబెకో ఒళ్ళు హూనమైపోయింది. ఎన్నాళ్ళుగానో కలరా శిబిరంలో పనితో కంటిమీద కునుకు లేదు. నీళ్ళలో కలిపే బ్లీచింగు మందు ఇంటింటికీ పంచి, బతిమాలి, తిట్లు తిని విసిగిపోయింది. ఇప్పుడు సొంత తమ్ముడే, వైసన్, వాంతులూ విరేచనాలతో పడున్నాడు. ఈ గుడిసె వాడిది కూడా కాదు, కలరాతో పోయిన చిసాలే అనే జాలరిది. అంటుకుంటుందని చావుస్నానమైనా చేయించకుండా అదే మందు చల్లి పాతిపెట్టారు అతన్ని, మిగతా శవాల్లాగే. చేపలు బాగా పడే చోటు కదాని వీడు వెంటనే అందులో దూరాడు.

"మందు నీళ్ళు తాగమంటే తాగావురా?"

"మగతనం పోతుందన్నారక్కా..."

"ప్రాణమే పోతుంటే అదెందుకురా, ఉప్పేసి ఎండబెట్టుకోడానికా?"

ఆమెను తీసుకొచ్చిన పడవవాడు మకలాని నవ్వలేదు. "ఈ చిన్న పడవలో పడుకోబెట్టలేం, పెద్దది తెస్తా. నేనొచ్చేదాకా ఉప్పు పంచదార నీళ్ళు పట్టిస్తూనే ఉండు తల్లీ. గ్లాసు ఆగిందంటే మనిషి ఆగినట్టే."

పొద్దుగూకింది. గాలి లేచింది. ఎండు రెల్లు కదా, దీపం వెలిగించే వీల్లేదు. లోపలంతా వాంతి కంపు, చేపల నీచు. కింద నీళ్ళు గుటగుటలాడుతున్నాయి. ఉప్పు పంచదార నీళ్ళ బక్కెట్లో గ్లాసు ముంచి చీకట్లోకి చాపింది. తడిచెయ్యి అందుకుంది. ఖాళీ గ్లాసు తిరిగొచ్చింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ ఖాళీ.

"అద్దీ, అలా తాగాలి నాన్నా," అంది కళ్ళు మూసుకునే. ఆ చెయ్యి బ్లీచింగు వాసన కొట్టింది. తన చేతులదేలే అనుకుంది. పాపం, అంత అలసటలో ఎవరైనా అదే అనుకుంటారు.

గ్లాసు బక్కెట్టు అడుగును గీరింది.

"అక్కా..."

గొంతు వీపు వెనకనుంచి వచ్చింది.

"ఎంతసేపట్నుంచి పిలుస్తున్నా... ఒక్క గుక్క పొయ్యవే..."

వెనక్కి తిరిగి తడిమింది. వైసన్ పెదాలు ఎండిపోయి పగిలున్నాయి. ఒక్క చుక్కా తాగలేదు వాడు. మరి... ఇంతసేపూ?

అడుగున ఒక్క గ్లాసే మిగిలింది. అది ముంచగానే తడిచెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది.

"నాకు..."

"ఇవ్వను!" ఏడుస్తూ అరిచింది. "నీకు స్నానం చేయించనిది మా తప్పే చిసాలే బాబూ. నా తమ్ముణ్ణి మాత్రం ఒదిలెయ్యి!"

విదిలించుకుని గ్లాసు వైసన్ నోట్లో వంచింది. వాడు గుటకేశాడు. హమ్మయ్య అనుకుంది.

అంతలో గుడిసె ఒక పక్కకి ఒరిగింది, పడవలోంచి ఎవరో ఎక్కినట్టు.

"మకలాని మామా?"

తొంగిచూసింది. బయట పడవే లేదు.

మళ్ళీ ఒరిగింది. ఇంకొకరు. ఇంకొకరు... నేల కుంగింది. రెల్లు సందుల్లోంచి సరస్సు నీళ్ళు ఉబికి, పడుకున్న వైసన్ నోటిదాకా వచ్చాయి. వాడు ఆత్రంగా తాగుతున్నాడు.

"వద్దురా... ఆ కలరా నీళ్ళు వద్దు..."

వాడి తల పైకెత్తబోయింది. అప్పటికే ఆ తల కింద ఎవరిదో తడిచెయ్యి ఉంది. రోగికి తాగించేవాళ్ళు పట్టుకున్నట్టు... ఎంతో జాగ్రత్తగా.