ఊరింపు పెట్టె

2079 నాటికి రాయలసీమ మెట్టల మీద జొన్నచేల కంటే సూర్యఫలకాలే ఎక్కువ. ఆ సోలార్ ప్యానెళ్ళ మీది దుమ్ము కడిగే కుటుంబాలు గుడారాలు మోసుకుంటూ ఊరూరా తిరుగుతుంటాయి. బడి వాళ్ళ వెంట నడవదు కదా! అందుకే డాక్టర్ హిమజ వాళ్ళ పిల్లల కోసం ఊరింపు పెట్టెను తయారుచేసింది.

పెట్టె కథ చెబుతుంది. పలికే ప్రతి మాటా తెరమీద అక్షరాలై వెలుగుతుంది. వినే పిల్లల కనుపాపల్నీ, ఊపిరినీ దానిలోని కుతూహలమాపకం, అంటే క్యూరియాసిటీ మీటర్, కొలుస్తూ ఉంటుంది. ఆత్రం పట్టలేని స్థితికి రాగానే పెట్టె నోరు మూసుకుంటుంది. మిగతా కథ తెరమీదే ఉంటుంది, కావాలంటే చదువుకోవాలి.

ఏడాదిలో అక్షరాలు పట్టుబడ్డాయి గానీ ఒక్కరూ చదవలేదు. ఈ రోజైనా ఎవరో ఒకరు ఒక్క వాక్యం సొంతంగా చదవకపోతే పెట్టెను పట్టుకుపోతామని, దానికి డబ్బిచ్చిన కమిటీ కబురు పెట్టింది.

"బావిలో పడ్డ తోడేలును కాపరి తాడేసి లాగాడు. అది పైకొచ్చి..." పెట్టె ఆగిపోయింది.

"తర్వాతేమైందో చూడమ్మా, చౌడేశ్వరీ!" బతిమాలింది హిమజ.

ఎనిమిదేళ్ళ చౌడేశ్వరి తెరవైపైనా చూడలేదు. "ఏముంది మేడమ్, లాగినోన్నే తినేసింటాది!"

పిల్లలంతా పకపకా నవ్వారు. కథ అల్లుకోవడం వచ్చినవాళ్ళకు చదివే బాధ దేనికి? హిమజకు ఏడుపొక్కటే తక్కువ.

పిల్లలు చెప్పే ముగింపులే కాదు, తన ముందు ఎవరేమన్నా పెట్టె వాళ్ళ పేరుతో రాసిపెట్టుకుంటుంది. కాకపోతే కమిటీవారి ఒత్తిడి మీద అందులో ఒక నీతిజల్లెడ, అంటే మోరల్ ఫిల్టర్, బిగించారు. మోటు మాటల్ని అది మెత్తబరుస్తుంది.

తెరమీద తన పేరు మెరవగానే చౌడేశ్వరి అటు తిరిగింది. వేలు పెట్టి కూడబలుక్కుంది. "చౌడేశ్వరి... చెప్పింది... తోడేలు... ఏడ్చి... కాపరి కాళ్ళ మీద... పడింది."

చదివీ చదవగానే గయ్యిమంది. "నేనిట్ల చెప్పలే! తోడేలు యాడన్నా ఏడుస్తాదా? నా పేరు పెట్టి అబద్ధాలు రాస్తాండాది మేడమ్ ఇది!"

పిల్ల చదివింది! హిమజ సంతోషంతో చప్పట్లు కొట్టింది.

"పొరపాటు సరిచేయమంటారా?" అడిగింది పెట్టె.

"వద్దు, వద్దు! అలాగే ఉంచు."

అప్పటికే పిల్లలంతా పెట్టె మీద పడ్డారు. "నేను చెప్పిండేది యాడుంది? నాదేం మార్చినాదో చూడనీరా!"

సాయంత్రం కమిటీ అధ్యక్షుడు శేషాచలపతి వ్యాను వేసుకుని వచ్చేసరికి ఆ తోపులాట ఇంకా సాగుతూనే ఉంది.

"ఏమిటమ్మా అంత ఇదిగా చదువుతున్నారు?"

"వాళ్ళు అన్న మాటలేనండీ. ఎవరేమన్నా పెట్టె రాసుకుంటుంది. రాసేటప్పుడు కొంచెం మారుస్తుంది," అంది హిమజ.

ఆయన ముఖం మారింది. పెట్టె ఎత్తడానికి వంగిన డ్రైవర్‌ను చేత్తో వారించి, జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు.

"కొంచెం జరగండి బాబూ," అన్నాడు పిల్లల మధ్యకు దూరుతూ. "పోయినసారి ఈ పెట్టె ముందు నేనేదో ఉపన్యాసం ఇచ్చాను. దాన్నేం చేసిందో చూడాలి."