రెండు దెబ్బలంటే ఆపు

ఫోన్ల షాపులో పనిచేసే అమ్మాయి మూడు టాబ్లెట్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. బావ ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని, పుచ్చకాయ కొంటున్నట్టు వేలితో కొట్టి చూశాడు.

"బండిలో దారి చూసుకోవడానికండీ," అన్నాను. "కొండల్లో సిగ్నల్ ఉండదు. నెట్ లేకపోయినా పనిచెయ్యాలి."

"అయితే సిమ్ వేసుకునేవి ఈ రెండూ ఉన్నాయి, వీటిలో ఒకటి తీసుకోండి. వీటికి జీపీఎస్ ఉంది. మ్యాప్ ముందే దింపుకుంటే నెట్ లేకపోయినా మీరెక్కడున్నారో చూపిస్తుంది." మూడోదాన్ని కాస్త పక్కకి జరిపింది. "ఇది సినిమాలు చూసుకోవడానికి బావుంటుంది. ఈ మోడల్లో జీపీఎస్ లేదు. మ్యాప్ బొమ్మయితే కనిపిస్తుంది గానీ, మీరెక్కడున్నారో దానికి తెలీదండీ."

బావ సరిగ్గా ఆ మూడోదే తీశాడు. తెర పెద్దది, ధర చిన్నది.

"బొమ్మ కనిపిస్తోందిగా! ఎక్కడున్నామో చూసుకోడానికి మనకి కళ్ళు లేవా?"

"మంచు దిగితే కళ్ళేం చేస్తాయి బావా?"

"ఒరే, తాతకి దగ్గులు నేర్పకు."

ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. అక్క ఉన్నప్పుడు నాలుగో కాలు అక్క చూపించేది. ఇప్పుడు చూపించేవాళ్ళు లేరు.

మాది కిటికీ అద్దాల పని. కొలతకి కోసి, వెనకంతా రేకుతో మూసిన బండిలో తీసుకెళ్ళి బిగించి రావాలి. అద్దాన్ని ఎప్పుడూ పడుకోబెట్టి తీసుకెళ్ళకూడదు. చెక్క స్టాండుకి నిలువుగా ఆనించి, మధ్యలో కాగితాలు పెట్టి, రెండు తాళ్ళతో బిగించాలి. ఎంత తొందరున్నా రెండో తాడు మానకూడదు, అద్దాల పక్కన మనిషిని కూర్చోబెట్టకూడదు. ఇవన్నీ నాకు అక్కే నేర్పింది. బావ బండిని వెనక్కి తీస్తుంటే అక్క వెనక నిలబడి రేకు మీద అరచేత్తో చరిచేది. ఒక దెబ్బంటే నిదానం. రెండు దెబ్బలంటే ఆపు. అద్దం అంచులకి పూసే లప్పం వాసన కొట్టే చేతులు, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం... అదీ మా అక్క.

పోయిన చలికాలం అక్క చచ్చిపోయింది. పెద్దరోడ్డు పక్కన బండి ఆపితే, తాళ్ళు చూసొస్తానని తనే వెనక్కి వెళ్ళిందనీ, అద్దాలు జారి మీద పడ్డాయనీ బావ చెప్పాడు. ఆస్పత్రికి తెచ్చేసరికే ప్రాణం లేదు. ఒక కాలికే చెప్పు ఉంది.

అమ్మ ఆయన్ని అడిగింది ఒక్కటే. "బాబూ, నా బిడ్డ పోయిన చోటు ఒక్కసారి చూపించు. ఊరికే నిలబడి వచ్చేస్తాను."

"మంచులో ఎక్కడో గుర్తులేదత్తయ్యా," అనేవాడు. ఎన్నిసార్లడిగినా అదే మాట. పదేళ్ళ కింద తిరిగిన సందు కూడా గుర్తుండే మనిషి, పెళ్ళాం పోయిన చోటు మర్చిపోయాడట! ఆ చోటేదో తెలుసుకోవాలనే ఆయన దగ్గర పని మానకుండా ఉండిపోయాను.

టాబ్లెట్ కొన్న మర్నాడు కొండ మీద కడుతున్న ఓ వసతి గృహానికి అద్దాలు వేసుకుని బయల్దేరాం. రెండు తాళ్ళూ నేనే బిగించాను. సగం కొండ ఎక్కేసరికి సాయంత్రం కాకుండానే మంచు దిగింది. ముందు చెట్లు పోయాయి, తర్వాత రోడ్డు అంచు పోయింది. లైట్లు వేస్తే తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. ఫోన్లో సిగ్నల్ పోయింది. వెనక అద్దాలు కాగితాల మధ్య సన్నగా గలగలమంటున్నాయి.

"ఆ టాబ్లెట్ తియ్," అన్నాడు బావ.

స్టీరింగు పక్కన పెట్టిన స్టాండులో బిగించి మ్యాప్ తెరిచాను. గీతలు, వంకరలు. అందులో మేమెక్కడున్నామో నాకూ తెలీదు, దానికీ తెలీదు. వేలితో జరుపుతూ వెతుకుతున్నాను.

అప్పుడు తెర మధ్యలో నీలం చుక్క వెలిగింది.

బండి కదిలితే కదిలింది. బండి తిరిగితే తిరిగింది.

"చూశావా!" బావ తొడ చరిచాడు. "జీపీఎస్ లేదట! ఎక్కువ ధరది అంటగట్టాలని చూసింది ఆ పిల్ల!"

"కొంచెం ముందుకెళ్ళి ఎడమకి తిరగండి," అంది టాబ్లెట్ మామూలు యంత్రం గొంతుతో. నేను దానికి ఎక్కడికెళ్ళాలో చెప్పనేలేదు. ఆ మాట అనేలోపే బావ ఎడమకి తిప్పేశాడు.

తారు అయిపోయి చక్రాల కింద మట్టి చప్పుడు మొదలైంది. రెండు పక్కలా తవ్వి వదిలేసిన రాతి గోడలు. పాత క్వారీ దారి. బావ మొహం చూశాను. రక్తం దిగిపోయినట్టుంది.

"ఇది కాదు... ఈ దారి కాదు." గేరు వెనక్కి వెయ్యబోయాడు. పడలేదు. బండి తిప్పుకునే చోటు లేదు.

"నేరుగా వెళ్ళండి," అంది టాబ్లెట్.

కేబిన్‌లో వాసన మారింది. డీజిల్ వాసన పోయి... లప్పం. దాని వెనకే లవంగం.

వెనక రేకు మీద ఒక దెబ్బ.

"బావా, విన్నావా?"

"అద్దం కదిలుంటుంది."

"రెండు తాళ్ళూ వేశాను. కదలదు."

మళ్ళీ. ఈసారి రెండు. అరచేత్తో చరిచినట్టు... నా వీపు వెనకే.

"అప్పుడూ ఇలాగే కొట్టింది," అన్నాడు బావ గుసగుసగా.

"ఎవరు?"

"రెండో తాడు వేసే టైం లేదురా. వెనక కూర్చుని పట్టుకోమన్నా. అడ్డదారని ఇటొచ్చా. ఎత్తులో ఆపితే బండి మళ్ళీ ఎక్కదు... పైకెళ్ళాక చూద్దాంలే అనుకున్నా."

"ఎన్నిసార్లు కొట్టింది?"

ఆయన మళ్ళీ గేరు లాగాడు.

"బావా, ఎన్నిసార్లు కొట్టింది మా అక్క?"

"చాలా... చాలాసేపు కొట్టింది. పైకెళ్ళి తలుపు తీసేసరికి అద్దాల కిందుంది."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండింది. అంతే.

"మీ గమ్యం వచ్చింది," అంది టాబ్లెట్. ఇంజన్ ఆగిపోయింది. చుట్టూ మంచు. చప్పుడు లేదు.

రేకు అవతలి నుంచి గొంతు వచ్చింది. అలిసిపోయిన గొంతు, మా అక్కది.

"ఏవండీ... ఇంక పట్టుకోలేకపోతున్నా..."

బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వెళ్ళరా. నీ అక్కే కదా, నిన్నేం చెయ్యదు."

"పిలిచింది నిన్ను," అన్నాను, చెయ్యి విడిపించుకుని. "అప్పుడు చూడలేదుగా. ఇప్పుడైనా వెళ్ళి చూడు."

తన కాళ్ళు తన మాట విననట్టు దిగాడు. మంచులో రెండడుగులకే కనపడకుండా పోయాడు. వెనక తలుపు తెరుచుకుంది. బండి ఆయన బరువుకి కాస్త కుంగింది. తలుపు మూసుకుంది.

ఇంజన్ దానంతటదే అందుకుంది.

నేను డ్రైవర్ సీట్లోకి జరిగాను. గేరు పడింది. బండి కదిలీ కదలగానే వెనక అద్దాలు ఒక్కసారి గల్లుమన్నాయి.

రెండు దెబ్బలు.

అలవాటు కొద్దీ కాలు బ్రేకు మీదకెళ్ళింది. తెర మీది చుక్క మెల్లిగా వెలుగుతోంది.

"ఆపకు తమ్ముడూ," అంది టాబ్లెట్. ఇప్పుడది యంత్రం గొంతు కాదు.

ఆపలేదు. రెండు దెబ్బలు... మళ్ళీ రెండు... పిడికిళ్ళతో, తర్వాత గోళ్ళతో. బావ నన్ను పేరు పెట్టి పిలిచాడు. దణ్ణం పెడతానన్నాడు. నేను ఎత్తు ఎక్కాను, వంపు దిగాను, పెద్దరోడ్డు చేరాను. చప్పుడు ఎక్కడ ఆగిందో గమనించలేదు. ఇప్పటికీ నేను తప్పు చేశానని అనుకోవడం లేదు.

దీపాల కింద ఆపి వెనక్కి వెళ్ళాను. తలుపుకి బయట గడియ వేసి ఉంది. నేను వెయ్యలేదు. తీసి చూస్తే అద్దాలు ఒక్కటీ పగల్లేదు. తాళ్ళు బిగువుగా ఉన్నాయి. లోపల మనిషి లేడు.

మంచులో దిగి ఎటో వెళ్ళిపోయాడని అందరికీ చెప్పాను. చాలా రోజులు వెతికారు. టాబ్లెట్‌ని షాపు అమ్మాయికి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్లో జీపీఎస్ లేదండీ, ఆ రోజే చెప్పానుగా," అంది. తెర మీద చుక్క వెలుగుతూనే ఉంది, మేమున్న షాపు దగ్గర కాదు, క్వారీ దారిలో.

అమ్మని అక్కడికి తీసుకెళ్ళాను. అద్దం పెంకుల మధ్య, మట్టిలో సగం కూరుకుపోయి అక్క రెండో చెప్పు దొరికింది. అమ్మ దాన్ని కొంగుతో తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు అక్కడే కూర్చుంది.

ఇప్పుడా చెప్పు మా గుమ్మం పక్కన ఉంది. టాబ్లెట్ బీరువాలో పెట్టాను. ఛార్జింగ్ పెట్టి నెలలవుతోంది, అయినా వెలుగుతూనే ఉంటుంది. ఇన్నాళ్ళూ చుక్క ఆ క్వారీ దారి వదల్లేదు. ఈ పొద్దున చూస్తే కొండ దిగి ఉంది. మనిషి నడిచేంత వేగంతో వస్తోంది.

"అక్కేరా. చెప్పు కోసం వస్తోంది," అంది అమ్మ.

ఆ దారిలో ఉండిపోయింది అక్క ఒక్కతే కాదు.

చుక్క మా వీధి మలుపు తిరిగింది. మా ఇంటి మీదకొచ్చి ఆగింది.

తలుపు మీద రెండు దెబ్బలు.

అమ్మ గడియ తియ్యడానికి లేచింది.