రెండు గుండీలు

సెప్టెంబరు పద్నాలుగు. సత్యశ్రీ పోయి ఏడాదైన రోజు. ఆమెకిష్టమని మినపగారెలు, పరమాన్నం, కందబచ్చలి కూర వండించారు. వాటిలో ఒక్క ముద్దయినా ఆమె భర్త సుధాకర్ తినలేదు.

పొద్దున్న అంతా మామూలుగానే మొదలైంది. పురోహితుడు సత్యనారాయణ గారు దర్భలు పరిచి, చొక్కా తీసి కూర్చోమన్నారు. కొడుకు, పంతొమ్మిదేళ్ల దుర్గాసాయి తల వంచుకు నిలబడ్డాడే గానీ చొక్కా తియ్యలేదు. చుట్టాలంతా చూస్తున్నారు.

"తల్లికి పిండం పెట్టడానికి చొక్కా విప్పలేవా? అంత నామోషీ ఏంట్రా నీకు?" అంటూ సుధాకర్ కొడుకు చొక్కా పట్టుకు లాగాడు.

రెండు గుండీలు తెగి నేల మీద దొర్లాయి. కుర్రాడి రొమ్మెముక లోపలికి దిగిపోయి, పిడికిలి పట్టేంత గుంటగా ఉంది. సత్యనారాయణ గారే తన ఉత్తరీయం తీసి అతని చుట్టూ కప్పారు.

"ఇలా కూర్చో బాబూ. మీ అమ్మగారికి ఇదేం అడ్డు కాదు."

భోజనాలయ్యాక మరదలు వీరదుర్గ బావగారికి అంతా చెప్పింది. ఎదిగేకొద్దీ గుంట లోతయిందనీ, వాడికి ఆయాసం వస్తుందనీ అక్కకి తెలుసట. అన్నవరం మెట్ల మీద కొడుకుని సోమరిపోతని తిట్టిన రోజు సుధాకర్‌కి గుర్తొచ్చింది. అప్పుడు సత్యశ్రీ మోకాళ్లు నొప్పులంటూ కొడుకు పక్కనే కూలబడింది. ఆమెకి మోకాళ్ల నొప్పులెప్పుడూ లేవు.

సాయంత్రం సుధాకర్ కొడుకు గదిలోకి వెళ్లాడు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"అమ్మ చెబుతానంది నాన్నా. ఈలోగా అమ్మకే బాగోలేదు."

కాకినాడలో డాక్టరు గారికి ఒక్కడే వెళ్లి చూపించుకున్నాడట. కేన్సరూ అదీ కాదు, ఎముక తీరే అంత అన్నారట. ఆపరేషను చేసి, రొమ్మెముక కింద స్టీలు కడ్డీ పెట్టి పైకి లేపుతారట. రెండు మూడేళ్లయ్యాక కడ్డీ తీసేస్తారట.

"తోడు ఎవరైనా ఉండాలన్నారు. పిన్నిని అడుగుదామనుకున్నాను. మీరు సోకు కోసం అంటారని..."

అనే ఉండేవాడు. సుధాకర్‌కి ఆ సంగతి తెలుసు. అబద్ధమాడడానికి నోరు రాలేదు.

"నలుగురిలో నీ పరువు తీశాను. తప్పయిపోయింది. నన్ను రానిస్తావా?"

దుర్గాసాయి గుండీలు తెగిన చొక్కా తండ్రి చేతికిచ్చాడు.

"ఆస్పత్రికి, ముందు వైపు గుండీలున్న చొక్కాలే తెచ్చుకోమన్నారు నాన్నా. ఆపరేషనయ్యాక చేతులు పైకెత్తకూడదట."

సత్యశ్రీ దారపు ఉండలు ఉంచిన డబ్బా వెతికి, మూడోసారికి సూదిలో దారమెక్కించి, రెండు గుండీలూ కుట్టాడు సుధాకర్. చొక్కా కొక్కేనికి తగిలిద్దామని వెళ్లేసరికి కొడుకు నిద్రపోతున్నాడు. ఉక్కకి చొక్కా, బనీనూ రెండూ తీసేసి, వెల్లకిలా పడుకున్నాడు. ఊపిరికి ఆ గుంట నెమ్మదిగా లేచి పడుతోంది.

హాల్లో చుట్టాలింకా మాట్లాడుకుంటున్నారు. సుధాకర్ లైటార్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.